హోటల్ కాలిఫోర్నియా: బి మైనర్ దగ్గరే ఆగిపోయాను, దారి చెప్పండి

వడ్డేపల్లి_కట్ట అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. నాది హన్మకొండ, వయసు 43. కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. గిటారు పట్టి పద్నాలుగు నెలలైంది. నాకు పది పాటలు రానక్కర్లేదు, ఒక్కటి వస్తే చాలు. అమెరికా బ్యాండ్ ఈగల్స్ వాళ్ల హోటల్ కాలిఫోర్నియా. ఆ ఒక్కటీ మొదటి కార్డు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) దగ్గరే ఆగిపోయింది.

ఈ పాటే ఎందుకంటే కొంచెం వెనక్కి పోవాలి. 1998లో మాకు సోమిడిలో ఆరు బర్లు ఉండేవి. నేను ఇంటర్ ఫస్టియర్. కాలేజీ నుంచి రాగానే సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని ఆర్ఈసీ క్వార్టర్లలో సాయంత్రం పాలు పోసి రావడం నా పని. ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నారు కదా, అదే. 2002లో పేరు మారింది. ఒక రోజు పాలు పోసి తిరిగి వస్తుంటే ఒక హాస్టల్ మెట్ల మీద ఇద్దరు పిలగాళ్లు ఎదురెదురుగా కూర్చుని గిటార్లు వాయిస్తున్నారు. అప్పటిదాకా గిటారంటే సినిమా పాటలో ఎక్కడో వెనక వినబడేదే నాకు. ఇక్కడ ఒకతను ఏదో మాట అన్నట్టు వాయిస్తే రెండో అతను దానికి జవాబు చెప్తున్నాడు. కాసేపటికి ఇద్దరూ కలిశారు. ఒకరు పై మెట్టు మీద, ఒకరు కింది మెట్టు మీద నడుస్తూ ఒకేసారి దిగి వస్తున్నట్టు ఉంది ఆ వాయింపు. నేను సైకిల్ స్టాండ్ కూడా వేయలేదు, చేత్తో పట్టుకునే నిలబడ్డాను. ఖాళీ క్యాన్ జారి కింద పడేసరికి వాళ్లు ఆపి నా వైపు చూశారు. నేను వెళ్లిపోయాను.

ఇంటికి ఆలస్యంగా చేరాను. బాపు తిడతాడనుకున్నా. ఇద్దరు గిటారు వాయిస్తుంటే విన్నానని చెప్తే, "ఏం పాటరా?" అన్నాడు. తెలియదన్నా. "అంతసేపు నిలబడ్డోనివి, అడిగి రావద్దా మరి?" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఆ మెట్ల వైపు పోయి చూశాను. వాళ్లు మళ్లీ కనబడలేదు.

పేరు తెలిసింది 2005లో. చౌరస్తా దగ్గర ఒక ఆడియో షాపులో స్పీకర్లు టెస్ట్ చేయడానికి ఒక పాట పెట్టారు. ఈగల్స్ విడిపోయి 1994లో మళ్లీ కలిసినప్పటి లైవ్ రికార్డింగ్ అది. మొదట్లో నాకేం తెలియలేదు గానీ చివరికి వచ్చేసరికి అవే మెట్లు. ఈసారి అడిగాను. షాపు బయటికి వచ్చి బాపుకు ఫోన్ చేసి పాట పేరు చెప్పాను. ఏడేళ్ల కిందటి సంగతి ఆయనకు గుర్తుంది.

పోయినేడు మా మేనల్లుడు బెంగళూరు పోతూ తన గిటారు నాకిచ్చి వెళ్లాడు. అప్పటి నుంచి రోజూ నలభై నిమిషాలు తక్కువ కాకుండా కూర్చుంటున్నాను. నైట్ షిఫ్ట్ ఉన్న వారం మాత్రం పగలు. ఇ మైనర్, జి, సి, డి, ఎ మైనర్ బాగానే పలుకుతున్నాయి. ఈ పాట మొదలయ్యేదేమో బి మైనర్‌తో. చూపుడువేలు రెండో ఫ్రెట్ (గిటారు మెడ మీద కమ్మీల మధ్య గడి) మీద అడ్డంగా పరిచి నొక్కితే అయిదు తీగల్లో మూడు మోగుతాయి, రెండు "టుక్" అంటాయి. ఏ రెండో కూడా రోజుకో తీరు. దాని వెంటనే వచ్చే ఎఫ్ షార్ప్ ఇంకా కష్టం. పది నిమిషాలకు బొటనవేలి మొదలు దగ్గర నొప్పి మొదలవుతోంది. నాలుగు నెలలుగా ఇంతే.

ఇంకో ఇబ్బంది ఉంది. నేను సరిగ్గా వాయిస్తున్నాననుకున్నప్పుడు కూడా ఫోన్‌లో పాట పెట్టి దాంతో కలిపితే కలవట్లేదు, ఎక్కడో కొంచెం తేడాగా వినబడుతోంది. మా ఇల్లు సబ్‌స్టేషన్ ప్రహరీకి ఆనుకునే ఉంటుంది. నేను కూర్చునేది డాబా మీద. ట్రాన్స్‌ఫార్మర్ మోత రాత్రి స్పష్టంగా వినబడుతుంది. అది జి స్వరమని మా మేనల్లుడు ఒకసారి చెప్పాడు. అందుకని అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కి ఆ మోతతో కలుపుకుని, మిగతా తీగలు దాన్నిబట్టి సరిచేస్తున్నాను. ఫోన్ ట్యూనర్ పెడితే ఆ మోతను కూడా పట్టుకుని ముల్లు ఆగకుండా ఊగుతుంది. నేను చేస్తున్నది తప్పా?

చివరగా అసలు ప్రశ్న. నన్ను పట్టుకున్నది ఆ చివరి ఇద్దరి వాయింపు. నేను ఒక్కడినే. ఒక్క గిటారుతో అది వస్తుందా, లేక వచ్చినంత వరకు వాయించుకుని తృప్తి పడాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆర్ఈసీ_తొంభైఆరు:

అన్నా, ఆ మెట్ల మీద ఉన్నది నేను కాదు గానీ, అలాంటి మెట్ల మీదే నేనూ ఈ పాట నేర్చుకున్నాను. మా బ్యాచ్‌లో గిటారు పట్టినవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు దీని మీద చెయ్యి వేసినవాళ్లే.

ముందు ఒక కేపో కొనండి, గిటారు మెడకు అడ్డంగా బిగించి తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్పు అది. దాన్ని రెండో ఫ్రెట్‌లో బిగిస్తే బి మైనర్ కోసం ఎ మైనర్ ఆకారం పట్టుకుంటే చాలు. మొత్తం వరస ఇలా మారుతుంది: ఎ మైనర్, ఇ, జి, డి, ఎఫ్, సి, డి మైనర్, ఇ. ఇవి మీకు దాదాపు వచ్చినవే. ఎఫ్ ఒక్కటి బార్ కార్డు, అంటే చూపుడువేలు అడ్డంగా పరిచి నొక్కేది. దాని బదులు ఎఫ్ మేజర్ సెవెన్ పట్టుకోండి, మూడు వేళ్లే, ఒకటో తీగ నొక్కకుండా వదిలేయడమే. పల్లవికి ఎఫ్, సి, ఇ, ఎ మైనర్, మళ్లీ ఎఫ్, సి, డి మైనర్, ఇ. శ్రుతి మాత్రం రికార్డులో ఉన్నదే, కాబట్టి పాట పెట్టుకుని కలిపి వాయించవచ్చు.

కేపో పెడితే పాటను తగ్గించినట్టు అనుకోవద్దు. ఆ పాటకు సంగీతం కట్టిన ఈగల్స్ గిటారిస్టు డాన్ ఫెల్డర్ 12 తీగల గిటారు మీద ఏడో ఫ్రెట్‌లో కేపో పెట్టే వాయించాడు. ఆకారాలు ఇ మైనర్, బి, డి, ఎ, సి, జి, ఎ మైనర్, బి. మొదట్లో వినబడే ఆ మెరుపు అక్కడి నుంచి వచ్చిందే. పాట మొదట ఇ మైనర్ శ్రుతిలో ఉండేది. పాడే డాన్ హెన్లీ గొంతుకు సరిపోక బి మైనర్‌కు మార్చారు.

ఇంకో మాట. యూట్యూబ్‌లో పాఠాలు చూసేటప్పుడు 1976 రికార్డు నేర్పుతున్నారా, 1994 లైవ్ నేర్పుతున్నారా చూసుకోండి. లైవ్‌లో మొదలు వేరు, నైలాన్ తీగల గిటారు మీద పెద్ద ప్రారంభం ఉంటుంది, నిడివి కూడా ఏడు నిమిషాలు దాటుతుంది. రెండింటినీ కలిపి నేర్చుకుంటే మీరు ఏది వాయిస్తున్నారో మీకే తెలియకుండా పోతుంది.

సుబేదారి_స్ట్రమ్:

అన్నా, పద్నాలుగు నెలలకే ఈ పాట అంటే చాలా ఎక్కువ. మూడు నాలుగు కార్డుల తెలుగు పాటలు ఒక పది పట్టుకోండి. చెయ్యి తిరిగాక ఏడాదికి దీని దగ్గరికి రావచ్చు. లేకపోతే విసుగొచ్చి గిటారే పక్కన పెట్టేస్తారు. మా ఫ్రెండ్స్‌లో ఇద్దరికి అలాగే అయింది.

వడ్డేపల్లి_కట్ట:

తమ్మీ, నా మంచికే చెప్పావు, అర్థమైంది. కానీ నేను గిటారు నేర్చుకోవాలని ఈ పాట పట్టుకోలేదు, ఈ పాట కోసమే గిటారు పట్టుకున్నాను. వేరే పాటలైతే నాకు విసుగొస్తుంది. దీంతో రాదు, నాలుగు నెలలు ఒక్క కార్డు మీదే ఉన్నా రాలేదు.

ఆర్ఈసీ అన్నా, చాలా థాంక్స్. రేపు కేపో తెస్తాను. అయినా బి మైనర్ కూడా రావాలి నాకు.

కాజీపేట_గార్డు:

తమ్ముడూ, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. ఫాతిమానగర్‌లో చర్చి కాయిర్‌కు ముప్పై ఏళ్లు గిటారు వాయించాను. మా కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఉండేవారు, ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య ఇది. నీ పోస్టు రెండుసార్లు చదివాను. నీ చేతి తప్పు కొంతే. గిటారు తప్పు ఎక్కువ ఉందని నా అనుమానం.

స్టీలు స్కేలు తీసుకో. పన్నెండో ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ కమ్మీ పైనుంచి ఆరో తీగ అడుగు దాకా ఎంత ఎత్తుందో కొలువు. రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఒకటో తీగకు రెండు. నీది నాలుగు దాటితే బి మైనర్ కోసం ఇంకో ఏడాది కష్టపడ్డా వేలు నొప్పే మిగులుతుంది. తర్వాత ఇంకో పరీక్ష. కేపో పెట్టాక అదే బార్ కార్డు ఒక్కసారిగా సులువైపోతే, నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) గాళ్లు లోతు చాలలేదని అర్థం. మొదటి రెండు మూడు ఫ్రెట్ల దగ్గర తీగ మరీ ఎత్తులో ఉంటుంది, నువ్వు దాన్ని కిందికి తేవడానికే సగం బలం పెడుతున్నావు.

శాడిల్, అంటే గిటారు పెట్టె మీద తీగలు ఆనే పట్టీ, దాన్ని తగ్గించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. తీగలు వదులు చేసి శాడిల్ బయటికి తీసి, దాని అడుగు భాగాన్ని, పై భాగాన్ని కాదు, గాజు పలక మీద సాండ్ పేపర్ పరిచి రుద్దాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్‌లో రెండు మిల్లీమీటర్లు పోవాలి. ఒకేసారి అంత రుద్దకు. అర మిల్లీమీటరు తీసి, తీగలు ఎక్కించి, కొలిచి చూసుకో. పోయింది మళ్లీ రాదు. అడుగు సమంగా ఉండాలి, వంకరైతే ఒక తీగ పలుకుతుంది, పక్కది పలకదు. నట్ గాళ్లు మాత్రం నువ్వు ముట్టుకోవద్దు. దానికి తీగ మందాన్నిబట్టి సన్న ఆకురాళ్లు ఉంటాయి, తెలిసినవాడి చేతే చేయించు. మెడ వంగి ఉంటే లోపలి ఇనుప కడ్డీ (ట్రస్ రాడ్) సరిచేయాలి, పావు తిప్పు కంటే ఎక్కువ ఒకసారి తిప్పకూడదు.

తీగలు కూడా చూసుకో. లావుగా ఉండే 12 సైజు సెట్ ఉంటే తీసేసి సన్నటి 10-47 సెట్ వేయించు. వానాకాలంలో మన దగ్గర గాలిలో తడికి గిటారు పై పలక ఉబ్బి తీగలు ఇంకా లేస్తాయి. మే నెల ఎండకు చెక్క ఎండి ఫ్రెట్ అంచులు చేతికి గుచ్చుకుంటాయి. డాబా మీద వాయించుకో, కానీ గిటారును అక్కడ వదిలేయకు.

ఇక చెయ్యి సంగతి. అందరూ చూపుడువేలు మొత్తం బలంగా నొక్కాలని చెప్తారు, నాకు అది నచ్చదు. బి మైనర్‌లో ఆ వేలు పని రెండు తీగల మీదే: అయిదోది, ఒకటోది. మధ్య మూడు తీగలను మిగతా మూడు వేళ్లు నొక్కుతున్నాయి కదా, అక్కడ చూపుడువేలు తగిలినా తగలకపోయినా ఒకటే. ఎఫ్ షార్ప్‌లో దాని పని ఆరు, రెండు, ఒకటి. ఇది తెలిస్తే సగం బలం మిగులుతుంది. వేలు బోర్లా పరచకు, బొటనవేలి వైపుకు కొంచెం ఒరిగించు. ఎముక గట్టిగా ఉండే పక్క అది. వేలి గీతల్లో తీగ పడితే "టుక్" అంటుంది. నీకు రోజుకో తీగ మూగబోవడానికి కారణం అదే, వేలు రోజుకో చోట పడుతోంది. బొటనవేలు మెడ వెనక మధ్యలో ఆనించి వదిలేయ్, దాంతో పిండకు. మోచేతిని ఒంటికి దగ్గరగా తెచ్చి చేతి బరువుతో వెనక్కి లాగు.

నేర్చుకోవడం రెండో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టకు. అదే ఆకారం ఏడో ఫ్రెట్‌లో పట్టు, ఇ మైనర్ పలుకుతుంది. అక్కడ తీగ మెత్తగా ఉంటుంది. అన్ని తీగలూ మోగాక ఆరుకు దిగు, తర్వాత అయిదు. రోజుకు ఒక ఫ్రెట్ అనుకోవద్దు, వారానికి ఒకటి చాలు. నొప్పి చర్మానికైతే వాయించు, బొటనవేలి మొదట్లో అయితే వెంటనే ఆపు.

నటభైరవి:

నేను వరంగల్‌లో వయొలిన్ పాఠాలు చెప్తాను. గిటారు నాకు రాదు, కానీ మీ రెండో ప్రశ్నకు, మీరు అడగని ఇంకో దానికి జవాబు చెప్పగలను.

మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోర్ ఒక్కో సైకిల్‌కు రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది కాబట్టి మోత 100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఇది నాకంటే మీకే బాగా తెలుసు. గిటారు ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో పలికే జి 98 హెర్ట్జ్. అంటే మీ గిటారు మొత్తం దాదాపు అర్ధస్వరంలో (అంటే ఒక ఫ్రెట్ దూరంలో) మూడో వంతు పైకి ఎక్కి ఉంది. తీగలు ఒకదానితో ఒకటి సరిగ్గానే ఉన్నాయి, అందుకే ఒంటరిగా వాయిస్తే బాగుంది. రికార్డుతో కలిపినప్పుడే తేడా. ఆ తేడా మీరు విన్నారంటే మీ చెవి మంచిది. ట్యూనర్‌తో ఇంటి లోపల కలుపుకుని డాబా మీదికి వెళ్లండి. కాకపోతే ఆ మోత పక్కనే వాయిస్తే జి వచ్చిన ప్రతిచోటా రెండూ గీసుకుంటాయి. వీలైతే లోపలే కూర్చోండి.

ఇక మీరు అడగనిది. మీరు విన్న "మెట్లు" చివరి వాయింపులోనే లేవు, పాట మొదటి నుంచీ ఉన్నాయి.

బి స్వరాన్ని షడ్జమం (స) అనుకోండి. బి మైనర్ కార్డుతో నటభైరవి రాగం వాతావరణం వస్తుంది. రెండో కార్డు ఎఫ్ షార్ప్‌లో కాకలి నిషాదం (పై ని) ఉంది, అది కీరవాణి రాగం. మూడోది ఎ. అందులో కైశికి నిషాదం (కింది ని). నాలుగోది ఇ, దానిలో చతుశ్రుతి ధైవతం (పై ధ). అయిదోది జి, శుద్ధ ధైవతం (కింది ధ). ఆరోది డి, అందులో పంచమం. వరసగా చదవండి: స, కాకలి ని, కైశికి ని, చతుశ్రుతి ధ, శుద్ధ ధ, ప. ఒక్కో కార్డుకు ఒక్కో అర్ధస్వరం చొప్పున దిగుతున్నారు. ఏడో కార్డు ఇ మైనర్‌లో మధ్యమానికి వెళ్లి, ఎనిమిదో దానితో పంచమానికి తిరిగి వస్తే మళ్లీ షడ్జమానికి దారి తెరుచుకుంటుంది. మన రాగంలో రెండు నిషాదాలూ రెండు ధైవతాలూ ఇలా వరసగా పక్కపక్కన పెట్టం. అందుకే మొదటిసారి విన్నప్పుడు ఆ దిగడం అంత కొత్తగా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మా అబ్బాయి వింటుంటే వంటింట్లో నుంచి వచ్చి మళ్లీ పెట్టమన్నాను.

మీకు బి మైనర్ రాకపోయినా ఇది ఈ రోజే వాయించవచ్చు. గిటారు తీగల లెక్క మా అబ్బాయిని అడిగి రాస్తున్నాను. కేపో లేకుండా, మూడో తీగ మీద నాలుగో ఫ్రెట్, మూడు, రెండు, ఒకటి, ఖాళీ తీగ. తర్వాత నాలుగో తీగ మీద నాలుగో ఫ్రెట్, రెండు, మళ్లీ నాలుగు. ఒక్కో స్వరానికి నాలుగు దెబ్బలు లెక్కపెట్టండి. పాట వేగం నిమిషానికి సుమారు 74 దెబ్బలు, కాబట్టి ఎనిమిది స్వరాల చుట్టు దాదాపు 26 సెకన్లకు పూర్తవుతుంది. పాట పెట్టుకుని దాని మీద ఇదొక్కటే వాయించండి. కార్డులు తర్వాత వస్తాయి.

వడ్డేపల్లి_కట్ట (అయిదు వారాల తర్వాత):

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఒక్కొక్కటీ చేసి చూశాకే రాద్దామని ఆగాను.

గార్డు సార్, పన్నెండో ఫ్రెట్ దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్లుంది. స్కేలు నాకు సరిగ్గా పట్టుకోవడం రావట్లేదేమోనని మా ఆవిడతో కూడా కొలిపించాను, అంతే వచ్చింది. నాలుగు నెలలు నా వేళ్లనే తప్పుపట్టుకున్నాను. మీరు చెప్పినట్టే అర మిల్లీమీటరు చొప్పున మూడు ఆదివారాలు రుద్దాను. మూడోసారికి మూడు ముప్పావు దగ్గరికి వచ్చింది, ఇక శాడిల్‌లో మిగిలింది తక్కువని ఆపేశాను. నట్, మెడ వరంగల్‌లో ఒకాయన సరిచేశారు, 10-47 తీగలు కూడా ఆయనే వేశారు. ఇప్పుడు రెండు ముప్పావుకు వచ్చింది. ఏడో ఫ్రెట్ నుంచి దిగుతూ వస్తున్నాను. నాలుగో ఫ్రెట్‌లో అయిదు తీగలూ మోగుతున్నాయి. రెండో ఫ్రెట్‌లో పది సార్లలో ఆరు సార్లు వస్తోంది. బొటనవేలి నొప్పి పోయింది.

ఆర్ఈసీ అన్నా, కేపోతో పాట మొత్తం, అంటే పాడే భాగం వరకు, ఆగకుండా వాయిస్తున్నాను. ఎఫ్ మేజర్ సెవెన్ దగ్గర మొదట్లో ఆలస్యమయ్యేది, ఇప్పుడు కావట్లేదు.

నటభైరవి మేడం, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. మీరు రాసిన రాత్రే గిటారు లోపల ట్యూన్ చేసుకుని ఆ ఎనిమిది స్వరాలు పట్టుకున్నాను. ఒక్క వేలు పని. మూడో చుట్టుకు హాస్టల్ మెట్లు, సైకిల్ హ్యాండిల్, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. నేను ఆ రోజు చివరి భాగం వినే నిలబడ్డాననుకున్నాను ఇన్నాళ్లూ. నన్ను ఆపింది ఈ దిగడం. బాపుకు ఇప్పుడు 74. సోమిడిలోనే ఉంటాడు. పోయిన ఆదివారం గిటారు తీసుకుపోయి ఆయన ముందు ఇదే వాయించాను, ఇంకేం లేదు, ఎనిమిది స్వరాలే, నాలుగైదు చుట్లు. అయిపోయాక "రెండోతను లేడుగా" అన్నాడు. ఇద్దరు వాయించారని నేను 1998లో చెప్పింది ఆయన మరిచిపోలేదు.

అందుకని నా చివరి ప్రశ్న మళ్లీ అడుగుతున్నాను. ఆ ఇద్దరి భాగం ఎలా మొదలుపెట్టాలి? ఒకటి ఫోన్‌లో రికార్డు చేసుకుని దాని మీద రెండోది వాయించవచ్చని మా మేనల్లుడు అంటున్నాడు. అది చేయాలని నాకు లేదు.

ఆర్ఈసీ_తొంభైఆరు:

అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆ చివరి రెండు నిమిషాలు ఫెల్డర్, బ్యాండ్‌లో ఇంకో గిటారిస్టు జో వాల్ష్ కలిసి వాయించినవి. అప్పటికప్పుడు తోచింది వాయించినట్టు వినబడుతుంది, కానీ కాదు. ఫెల్డర్ మలిబూలో అద్దెకున్న ఇంట్లో క్యాసెట్ మీద చేసుకున్న డెమోలోనే (నమూనా రికార్డింగులోనే) ఆ వరసలు ఉన్నాయి. స్టూడియోలో కొత్తగా ఏదో వాయిద్దామని వాల్ష్‌తో కలిసి మొదలుపెడితే హెన్లీ ఆపి, డెమోలో ఉన్నట్టే కావాలన్నాడు. అప్పటికి ఏడాదైంది, ఫెల్డర్‌కే గుర్తు లేదు. ఇంటికి ఫోన్ చేసి, పనిచేసే ఆవిడను క్యాసెట్ పెట్టమని, ఫోన్‌లో విని నేర్చుకున్నానని ఆయనే ఇంటర్వ్యూలలో చెప్పాడు. కట్టినాయనే మళ్లీ విని నేర్చుకున్న భాగం అది. మనం ఒక్కో ముక్క విని నేర్చుకోవడంలో తక్కువేమీ లేదు.

కాజీపేట_గార్డు:

తమ్ముడూ, ఒక్కడివే ఎందుకు? రెండో గిటారు నేను పట్టుకుంటా.

ఆ సోలో మొత్తం ఇప్పుడు వద్దు. దాని ముందు భాగంలో తీగలు లాగి స్వరం పైకి ఎత్తే చోట్లు చాలా ఉన్నాయి, వాటికి నీ వేళ్లకు ఇంకో ఏడాది కావాలి. పైగా అది ఎలక్ట్రిక్ గిటారు మీద కట్టింది. నీకు కావాల్సిన మెట్లు అన్నిటికన్నా చివరన వచ్చేవి, నిజానికి అవే సులువు. అవే ఎనిమిది కార్డులు, అదే వరస. ఒక్కో కార్డును మూడు స్వరాలుగా విడదీసి పైనుంచి కిందికి వాయించడం, మళ్లీ పైకెళ్లి మళ్లీ దిగడం. ఇద్దరిదీ అదే కార్డు, ఒకరు అందులో ఒక స్వరం పైనుంచి మొదలుపెడతారు. బి మైనర్ అయితే బి, డి, ఎఫ్ షార్ప్. నువ్వు కింది వరస తీసుకో, నేను పైది తీసుకుంటా. ఈ వారం బి మైనర్, ఎఫ్ షార్ప్ రెండే చూసుకో. నిమిషానికి 50 దెబ్బల మీద, అంతకంటే వేగం వద్దు. స్వరాలు సమంగా పడాలి, ఒకటి ముందు ఒకటి వెనక పడితే ఇద్దరం కలవం.

వచ్చే ఆదివారం నీకు ఏ షిఫ్ట్?

వడ్డేపల్లి_కట్ట:

సార్, ఆదివారం నైట్ షిఫ్ట్. సాయంత్రం ఏడు వరకు ఖాళీ. మీరు కాజీపేట నుంచి రావద్దు, నేనే వస్తాను. మీకు అభ్యంతరం లేకపోతే మధ్యలో సోమిడి మీదుగా వచ్చి బాపును బండి మీద ఎక్కించుకుని తెస్తాను. ఆయన పక్కన కూర్చుంటాడు, అంతే.

కాజీపేట_గార్డు:

తీసుకురా. నాలుగు గంటలకు. కేపో ఇంట్లో పెట్టి రా, ఇక్కడ దాంతో పని లేదు. చాయ్‌లో పెద్దాయన చక్కెర వేసుకుంటారో లేదో ముందే చెప్పు.